కింది అంతస్తు గది

“లండన్ మొత్తానికి ఇంతకు మించిన హోటలు లేదండీ. మెత్తటి తివాచీలు. మీ గది అయిదో అంతస్తులో. కిటికీ తీస్తే పార్కు,” అన్నాడు ప్రభాకరరావు, ఫొటో ముందుకు జరుపుతూ.

“వద్దు,” అంది కమల. “అన్ని మెట్లా?”

“లిఫ్టు ఉందమ్మా.”

“కరెంటు పోతే?”

“అక్కడ పోదమ్మా. నూజివీడు కాదు కదా.”

“పోదని రాసిస్తారా?”

ప్రభాకరరావు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. విమానం టిక్కెట్లూ, బసలూ కుదిర్చిపెట్టడం అతని వ్యాపారం. హోటళ్ల ఫొటోలు పట్టుకుని పొద్దున్నే బెజవాడ బస్సులో నలిగి వచ్చాడు. ఇక్కడ మళ్లీ నలుగుతున్నాడు.

కమల మొగుడు రాఘవయ్య పక్క కుర్చీలో గడ్డం పెరిగిన మొహంతో కూర్చున్నాడు. మామిడికాయల వ్యాపారి. ముసునూరులో, చాట్రాయిలో తోటలు. రసాలు దిగే రోజుల్లో అతన్ని తోట దాటించడం ఎవరి తరమూ కాదు. తండ్రి పెద్దకర్మ నాడు పిండాలు పెట్టి, తడిబట్టలతోనే కోతకి పోయిన మనిషి. పోయినేడు కాలు విరిగితే ఆసుపత్రికి పొమ్మన్నారు. పోలేదు. చెట్టు కింద మంచం వేయించుకుని, అక్కణ్ణుంచే కూలీల మీద కేకలేశాడు. కోతలయ్యాక చూద్దాం అన్నాడు. ఆ కాలు ఇప్పటికీ వంకరే.

అలాంటివాడు నడి కోతల్లో లండన్ బయల్దేరుతున్నాడంటే ఊరు నోరు తెరిచింది.

కమల గుండె పాడయిందన్నారు. మద్రాసు పెద్దాసుపత్రి గదిలోకి వెళ్లి, డాక్టరు మాట విని వచ్చింది ఆమే, ఆమె తమ్ముడూ. నెల లోపల ఆపరేషన్ జరక్కపోతే మనిషి దక్కదట. అది చెయ్యగల చెయ్యి లండన్‌లోనే ఉందట. ఆ సమయానికి రాఘవయ్య పక్క గదిలో ఉన్నాడు. ఎలాగూ వచ్చాం కదా అని తన తలనొప్పి కూడా చూపించుకున్నాడు. తలకి ఏవో పరీక్షలు చేసి, ఎండలో తిరక్కు, కళ్లద్దాలు మార్చు అని పంపేశారు.

అప్పట్నుంచీ రాఘవయ్యకి ముద్ద దిగడం లేదు. బంధువులు వరసగా వచ్చారు. కమలని చూసి కళ్లు ఒత్తుకున్నారు. పోతూ పోతూ తలా ఓ బుట్ట రసాలు పట్టుకుపోయారు.

“ఇది చూడండమ్మా. నది ఒడ్డున. గది నిండా అద్దాల కిటికీలు. పొద్దస్తమానం వెలుతురే.”

“వద్దు. అంత వెలుతురు వద్దే వద్దు.”

“గుండెకీ వెలుతురుకీ సంబంధం ఏంటే?” అన్నాడు రాఘవయ్య.

“నాకు పడదు.”

“కమలా, నీకు దండం పెడతాను. ఏదో ఒకటి ఒప్పుకో. రోజులు పోతున్నాయే!”

అప్పుడే తోట మనిషి సవరయ్య బుట్టతో లోపలికి వచ్చాడు. గడ్డిలో మాగేసిన రసాలు. ప్రభాకరరావు బుట్టకేసి చూసి గుటక వేశాడు.

రాఘవయ్య ఒక పండు తీసి తొడిమ దగ్గర ముక్కు ఆనించాడు. మొహం చిట్లించాడు.

“పచ్చికాయ కోయించావేంట్రా? వాసనేదీ?”

సవరయ్య బిత్తరపోయాడు. “అదేంటండీ అయ్యగారూ! గడ్డి తీస్తుంటే వీధంతా గుప్పుమందండీ.”

“నాకు చెబుతావా? కళ్లు మూసుకుని వాసన చూసి ఏ తోట కాయో చెప్పేవాణ్ణి. ఈ ఏడు ఏ బుట్ట చూసినా ఇంతే. వడగాలికి కాయ చచ్చింది.”

“అది కాదండీ...”

“ఆయనతో నీకు వాదనేంటి?” కమల గయ్యిమంది. “బుట్ట అక్కడ పెట్టి పో!”

అమ్మగారు ఏనాడూ అలా కసిరింది లేదు. సవరయ్య తలవంచుకుని పోయాడు. జబ్బు మనిషి, చిరాకు కాబోలు అనుకున్నాడు ప్రభాకరరావు. ఫొటోలు సంచీలో సర్దబోయాడు. అడుగున ఒకటి మిగిలింది.

“అదేంటి?” అంది కమల.

“మీలాంటివాళ్లకి కాదమ్మా. చిన్నది. ఎవరో ముసలావిడ నడుపుతుంది.”

కమల ఆ ఫొటో లాక్కుంది. “గది కింద ఉందా?”

“కింది అంతస్తే.”

“కిటికీలకి మందం తెరలున్నాయా?”

“ఉన్నాయి.”

“స్నానాల గదిలో పట్టుకుని నిలబడ్డానికి ఏమన్నా ఉందా?”

“గోడ పొడుగునా కమ్మీ ఉందండీ. రోడ్డు దాటితే ఆసుపత్రి కదా, రోగులే ఎక్కువ దిగుతారు. జావ అడిగితే కాచిస్తుంది.”

“ఇదే ఖాయం చెయ్యండి.”

రాఘవయ్య లేచాడు. “ఇదేం హోటలే? విస్సన్నపేట సత్రం ఇంతకన్నా నయం! నీకు తక్కువ చేస్తానని ఎందుకనుకున్నావే? తోటలన్నీ పోనీ. నువ్వు లేకపోతే నాకీ చెట్లెందుకు, ఈ కాయలెందుకు?”

అంతటి మనిషి పరాయివాడి ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. కమల తల తిప్పుకుంది. చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

“మొహం కడుక్కు రండి,” అంది, చెంగు తీసి.

రాఘవయ్య గోడ పట్టుకుంటూ పెరట్లోకి వెళ్లాడు. ప్రభాకరరావు కలం తీశాడు.

“హోటలావిడకి రోగి పేరు ముందే తెలపాలమ్మా. కమల అనే కదా రాయాల్సింది?”

కమల పెరటి వైపు చూసింది. నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

“రాఘవయ్య అని రాయండి, విమానం ఎక్కేదాకా మాత్రం ఈ జబ్బు నాదే.”