ఉప్పల్ దాకా సైకిల్

"ఎక్కు," అన్నాడు బాలరాజు. అన్నాడే గానీ, ఎక్కకుంటే బాగుండునని లోపల్లోపల మొక్కుకుంటున్నాడు.

ఆదివారం తెల్లవారింది. నాచారంలోని ఆ సందులో పాలప్యాకెట్ల బండి తప్ప ఇంకేమీ తిరగడం లేదు. పాత సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు బాలరాజు. ఎదురుగా ఆయన భార్య రాణి, పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ నడుముకు బిగించి, కొత్త పెళ్లికూతురిలా నవ్వుతోంది. వరసకు మేనమరదలు. పెళ్లయి ఇన్నేళ్లయినా బావా అనే పిలుస్తుంది.

"ఏంది బావా, మాట తప్పుతవా?"

మాట ఇచ్చింది నిజమే. పోయిన ఏడు డాక్టరమ్మ రిపోర్టులు చూసి, షుగర్ ఇలాగే ఉంటే సూదులు మొదలుపెట్టాల్సి వస్తుందని, పది కిలోలన్నా తగ్గాలని గట్టిగా చెప్పింది. రాణి దవాఖానా మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఈ వయసులో తన వల్ల ఏమవుతుందని ఒకటే దిగులు. ఆ ఏడుపు చూడలేక బాలరాజు నోటికొచ్చిన మాట అనేశాడు.

"నువ్వు పది కిలోలు తగ్గు. పెండ్లయిన కొత్తల లెక్క నిన్ను సైకిల్ మీద ఎక్కించుకొని ఉప్పల్ దాకా తొక్కుత."

పెళ్లయిన కొత్తలో ఆయనకు నాచారం ఫ్యాక్టరీలో పని. మొదటి షిఫ్టు దిగే సైరన్ కూయడమే ఆలస్యం, ఇంటికొచ్చి మొహం కడుక్కుని, రాణిని వెనక క్యారియర్ మీద ఎక్కించుకుని ఉప్పల్ టాకీసుకు తొక్కేవాడు. అప్పటికి ఈ మెట్రో స్తంభాలు ఎక్కడివి? రోడ్డుకు రెండు పక్కలా ఖాళీ జాగాలు, ఆ జాగాల మీంచి చల్లటి గాలి. మొదటిసారి ఎక్కినప్పుడు రాణి వణికిపోయింది. "నడుం పట్టుకో. భయపడకు, నేనున్న," అన్నాడు. ఇంటర్వెల్లో ఇద్దరికీ ఒకటే పల్లీల పొట్లం. తిరిగొచ్చేటప్పుడు ఆమె ఆయన వీపుకు చెంప ఆనించి ఏదో కూనిరాగం తీసేది. ఇప్పుడు ఫ్యాక్టరీ జాగాలో అపార్టుమెంట్లు లేచాయి. ఉన్న రోజుల్లో విసుక్కున్న ఆ సైరన్ ఒక్కసారి వినబడితే బాగుండునని బాలరాజుకు ఎన్నోసార్లు అనిపించింది.

మాట ఇచ్చాక సలహాలకు లోటు చేయలేదు ఆయన. ఫోన్లో వీడియోలన్నీ చూశాడు. కడుపు మాడ్చుకోవద్దన్నాడు. అన్నం సగం చేసి మిగతా సగంలో కూర, ఉడికిన పెసలు పెట్టుకోమన్నాడు. రాత్రికి జొన్నరొట్టె, చాయ్‌లో చక్కెర బంద్. ఒక వారం తూకం ముల్లు కదలకపోతే ఫికర్ పెట్టుకోవద్దని, ఒక పూట నోరు కట్టుకోలేకపోతే మర్నాటి నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చని ఎంతో ఓపికగా ధైర్యం చెప్పాడు. అన్నీ మంచి మాటలే. అన్నీ సోఫాలో కూర్చునే చెప్పాడు. ఆమె మానేసిన అన్నం పారేయడం పాపమని అదీ తనే తిన్నాడు.

రాణి మాత్రం మాటకు నిలబడింది. పక్కింటి ఉమారాణిని తోడు తీసుకుని, ఆయన లేవకముందే వాకింగని గ్రౌండుకు పోయేది. ఒకసారి మోకాలు గీరుకుపోయి వచ్చింది. ఇంకోసారి ప్యాంటు అంచుకు నల్లటి గ్రీజు. ఏమైందంటే గ్రౌండు గేటు తగిలిందంది. బాలరాజు ఆ గేటును నాలుగు తిట్టి ఊరుకున్నాడు.

నిన్న డాక్టరమ్మ తూకం, రిపోర్టులు చూసి, పది కిలోలు తగ్గిందని, ఇక సూదుల అవసరం లేదని నవ్వుతూ చెప్పింది. ఇంటికొస్తూనే రాణి అడిగింది, సైకిల్ ఎప్పుడని.

పొద్దున మెట్ల కింది నుంచి సైకిల్ బయటికి తీస్తూ, టైర్లలో గాలి లేదని తప్పించుకోవచ్చని ఆశపడ్డాడు. టైర్లు రాయిలా ఉన్నాయి. చైనుకు నూనె కూడా పట్టించి ఉంది. రాణే సైకిల్ షాపులో చేయించిందనుకున్నాడు. సీటు మాత్రం కిందికి దిగినట్టనిపించింది. వయసు మీదపడితే సైకిల్ కూడా కుంగుతుందేమో అనుకున్నాడు.

రాణి క్యారియర్ మీద కూర్చుంది. బండి కదిలింది. సందు దాటేదాకా బాగానే ఉంది. మెయిన్ రోడ్డు మీదికి ఎక్కే ఎత్తులో మొదలైంది అసలు కష్టం. మోకాలు లేచినప్పుడల్లా పొట్టకు తగులుతోంది. ఆయాసం తన్నుకొచ్చింది. హ్యాండిల్ అటూ ఇటూ ఊగి, ఇక సాగక, బాలరాజు కాళ్లు నేలకు ఆనించేశాడు.

ఎంత సిగ్గేసిందో చెప్పలేం. సిగ్గు కంటే భయం ఎక్కువేసింది. ఏడాది పొడుగునా ఈ ఒక్క మాట పట్టుకునే ఆమె నోరు కట్టుకుంది. ఇది ఇక్కడే ఆగిపోతే, మళ్లీ ఆ దవాఖానా మెట్ల మీది రాణి అయిపోతుందేమో. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాతోని కాదే రాణీ. నిన్ను గంత సతాయించిన గానీ, నేనే తయారు కాలే."

రాణి దిగింది. ఆయన చేతిలోంచి హ్యాండిల్ మెల్లగా తీసుకుంది. ఇంటికి తిప్పుతుందనుకుని పక్కకు జరిగాడు బాలరాజు. ఆమె ముందు చక్రాన్ని ఉప్పల్ వైపే ఉంచి, కాలు అవతలికి వేసి, ఆ కిందికి దిగిన సీటు మీద సర్దుకుని కూర్చుంది.

"ఎనక కూసో బావా. నడుం పట్టుకో. భయపడకు, నేనున్న."