కొండ కింది నీళ్లు

"ఆ లైటు నా చెంబులో పెట్టావంటే, ఇక్కణ్ణుంచి ఇంటికి నడిచి పోతాను," అన్నాడు డ్రైవరు.

రిటైరై ఆరేళ్లయినా ఆయన ఇంకా అందరికీ బస్సు డ్రైవరే. కొండ కింద టీ కొట్టు ముందు, ఆయన పక్కన నిలబడ్డ కూతురి చేతిలో పెన్నులాంటి పరికరం ఉంది. నీళ్లలో ముంచి తొంభై సెకన్లు తిప్పితే చాలు, దాని అతినీలలోహిత కాంతి క్రిముల పని పడుతుంది. బయల్దేరిన దగ్గర్నుంచీ ప్రతి గుక్కకీ ఇదే తంతు.

"పోయిన నెల కడుపు పట్టుకుని వారం రోజులు ఆస్పత్రిలో పడుకున్నదెవరు నాన్నా, నేనా?"

"అది పైపు నీళ్ల మహిమ. ఇవి మా నీళ్లు. ఇరవై ఎనిమిదేళ్లు ఇక్కడ బస్సు ఆపి, టీ కొట్టు అక్క అందించిన చెంబెడూ తాగాకే కొండెక్కేవాణ్ణి. ఒక్కనాడైనా కడుపులో కలుక్కుమంటే అడుగు."

ఆ రోజులు తలుచుకుంటేనే ఆయనకు ప్రాణం లేచొస్తుంది. ఇంజను సెగకు పిక్కలు మాడుతుంటే దిగి, చెంబెత్తి గటగటా తాగడం, మిగిలింది మొహాన కొట్టుకోవడం. భార్య పోయాక ఆయన నోరు తెరిచి అడిగిన కోరిక ఆ నీళ్లొక్కటే. అందుకే కూతురు అంత దూరం చుట్టు తిరిగి మరీ కారు ఇటు తిప్పింది.

"రుచేం మారదు. తొంభై సెకన్లే కదా?"

"దీపం పెడితే అవి మందు నీళ్లు. నాకొద్దు."

కూతురికి కళ్లు చెమర్చాయి. "నీ ఇష్టం. మళ్లీ నిన్ను ఆ ఆస్పత్రి మంచం మీద చూడటం మాత్రం నా వల్ల కాదు," అంటూ పరికరాన్ని సంచిలో వేసేసింది.

ఆ మాటకు ఆయన మనసు కాస్త కలుక్కుమంది. అయినా ఆశ చావక, కొట్టు ముందున్న కుండలో చెంబు ముంచాడు. లోపల్నుంచి అక్క గబగబా వచ్చి చెంబు లాగేసుకుంది.

"నన్ను గుర్తుపట్టలేదా అక్కా?"

"గుర్తుపట్టబట్టే లాక్కున్నా తమ్ముడూ. అవి బావిలోంచి తోడిన పచ్చినీళ్లు, నీకు పడవు."

"ఇన్నేళ్లూ తాగింది అవే కదా!"

"కాదు. పెళ్లయిన కొత్తలో నీ బస్సెక్కి వచ్చిందే మీ ఆవిడ, ఆ రోజే నాతో చెప్పిపోయింది. చెబితే మొండికేస్తాడు, ఆయనకు తెలియకుండా రోజూ కాచి చల్లార్చి ఇవ్వక్కా అని."