చల్లారని బండి

“మీరే చెయ్యి పెట్టి చూడండి సార్. ఇంకా వేడిగానే ఉందండి.”

వాచ్‌మన్ అబ్బులు బండికి బారెడు దూరంలో ఆగిపోయి చూపించాడు. ఫిజిక్స్ లెక్చరర్ చంద్రరావు వంగి, సైలెన్సర్ మీద వేలు ఆనించి తీశాడు. కాలేజీ స్టాండులో చివరి వరుసలో, గోడవారగా ఉంది ఆ నల్ల బండి.

“ఎండకి కాగి ఉంటుంది అబ్బులూ.”

“పొద్దున్నే, రేకుల షెడ్డులో ఎండేంటండి? పోనీ ఎవరైనా స్టార్ట్ చేశారనుకుందామంటే తాళం ఈ బండి తాలూకు స్టూడెంటు లోవరాజు జేబులోనే సముద్రంలోకి పోయింది. కుర్రోడు వానల్లో పోతే ఇప్పుడు మంచుకాలం కూడా వెళ్ళిపోయింది. నన్ను లేడీస్ హాస్టల్ గేటుకి మార్పించండి సార్.”

“అక్కడ వార్డెన్ గారుంటారు.”

అబ్బులు కాసేపు ఆలోచించాడు. “అయితే దయ్యమే నయమండి,” అన్నాడు.

ఆ వారమే ప్రిన్సిపాల్ పార్కింగ్ ఇన్‌చార్జి అయిన చంద్రరావుని పిలిచి, స్టాండులో వాడకుండా పడి ఉన్న బళ్ళన్నీ నెలాఖరుకి పోలీస్ స్టేషన్‌కి పంపేయమన్నారు. ఆ నల్ల బండి మాత్రం వాడుకలోనే ఉందని చంద్రరావు చెప్పాడు. ఎవరు వాడుతున్నారని ఆయన అడగలేదు.

మధ్యాహ్నం లోవరాజు తల్లి నూకరత్నం వచ్చింది. ఉప్పాడ నుంచి చేపలు తెచ్చి ఊళ్ళో అమ్ముకుని, తిరిగి వెళ్ళేటప్పుడు ఖాళీ తట్టతో స్టాండు దగ్గర ఆగడం ఆవిడకి అలవాటు. రోజూలాగే బండి పక్కన కూర్చుని ఇంజన్ మీద అరచెయ్యి వేసి చూసుకుంది. ఉదయపు వేడిలో మిగిలిందేదో ఆవిడ చేతికి తగిలినట్టుంది. మొహం విప్పారింది.

“ఈయాల కూడా వచ్చి ఎల్లాడండి మేస్టారూ.”

“బండి ఇంటికి పట్టుకెళ్ళిపోవచ్చు కదమ్మా?” అన్నాడు చంద్రరావు, ఆవిడ మొహంలోకి చూడకుండా.

“మావోడు వచ్చేసరికి ఇక్కడ లేకపోతే ఎతుక్కోడాండి? తాళం ఆడి కాడే ఉంది. ఇంకోడెవడు తీస్తాడు దీన్ని?” తట్ట సర్దుకుంది. “మా ఆయనేమో దినం పెట్టేద్దాం అంటాడు. బండి ఇంత ఎచ్చగా ఉన్నోడికి దినమేంటండి?”

చంద్రరావు ప్యాంటు జేబులో ఉన్న బండి తాళం తొడకి గుచ్చుకుంటోంది.

కాలేజీలో విద్యార్థులెవరూ బండెక్కి లోపలికి రాకూడదు. గేటు దగ్గరే ఇంజన్ ఆపి, స్టాండు దాకా నెట్టుకుంటూ రావాలి. పరీక్షకి ఆలస్యమైందని ఒక శుక్రవారం లోవరాజు బండి మీదే లోపలికి దూసుకొచ్చాడు. చంద్రరావు అడ్డం నిలబడి తాళం లాక్కున్నాడు. “మీ నాన్నని తీసుకొచ్చి పట్టుకెళ్ళు,” అన్నాడు.

తండ్రి పోతురాజు కోపిష్టి. ఆయన్ని మంచి చేసుకుని కాలేజీకి రమ్మని అడుగుదామని, ఎన్నడూ చేపల వేటకి వెళ్ళని కుర్రాడు ఆదివారం ఆయనతో పాటు పడవెక్కాడు. పడవ తిరగబడింది. తండ్రి ఒడ్డుకి చేరాడు. కొడుకు శవం కూడా దొరకలేదు. ఈ సంగతంతా లోవరాజు స్నేహితుడు ఏడుస్తూ చెబితే విన్నాడు చంద్రరావు. తాళం తన దగ్గరుందని మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాడు.

నూకరత్నం మొదటిసారి వచ్చి చల్లటి ఇంజన్‌ని పట్టుకుని ఏడ్చిన రోజు ఆయన చూశాడు. మర్నాటి నుంచి, అబ్బులు టీకి వెళ్ళే వేళ కనిపెట్టి స్టాండులోకి వచ్చి బండి స్టార్ట్ చేయడం మొదలుపెట్టాడు. ట్యాంకు అడుగంటితే సీసాతో పెట్రోలు తెచ్చి పోశాడు. సెలవు రోజు కూడా ఏదో పనుందని భార్యకి చెప్పి వచ్చేవాడు. చేస్తున్నది మంచో చెడో ఆయనకి తెలియదు. ఆవిడ నవ్వు చూశాక ఆపడం చేతకాలేదు.

అలాంటిది ఆయనకి జ్వరం తగిలింది. మంచం మీంచి లేవనివ్వలేదు. కళ్ళు మూస్తే చాలు, నూకరత్నం అరచెయ్యి చల్లటి ఇంజన్ మీద పడుతున్నట్టు కనిపించేది. ఒకరోజు వేడి లేకపోతే ఏదో సర్ది చెప్పుకుంటుంది. వరుసగా లేకపోతే? దినం పెట్టేసుకుంటుంది. లేదా తనే సముద్రంలోకి నడిచిపోతుంది.

కాస్త ఓపిక రాగానే, భార్య వారిస్తున్నా వినకుండా ఆటో ఎక్కాడు. కాలేజీకి చేరేసరికే మధ్యాహ్నమైంది. ఆవిడ రాకముందే ఒక్కసారి స్టార్ట్ చేస్తే చాలనుకుంటూ, తాళం గుప్పెట్లో బిగించి స్టాండులోకి వచ్చాడు.

నూకరత్నం అప్పటికే అక్కడుంది. బండికి ఆనుకుని కూర్చుని, నింపాదిగా తమలపాకులకి సున్నం రాసుకుంటోంది.

“జొరం తగ్గిందాండి మేస్టారూ?”

“తగ్గిందమ్మా. అబ్బులు చెప్పాడా?”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “ఆడు కూడా నాలుగు రోజుల్నించి సెలవేనండి.”

చంద్రరావు తాళమున్న గుప్పెటని వెనక్కి పెట్టుకున్నాడు. ఏదో ఒకటి చెప్పాలి. “ఈ మధ్య మీవాడు... ఊళ్ళో ఉన్నాడో లేడో...”

“రోజూ వస్తన్నాడండి. ఇప్పుడే ఎల్లాడు.”

పిచ్చి ముదిరిందనుకున్నాడు. పాపమంతా తనదే అనుకున్నాడు. ఈ పూట నిజం చెప్పేద్దామని ఆవిడ పక్కన కూర్చోబోతూ, ఆసరాకి సైలెన్సర్ మీద చెయ్యి వేశాడు.

చురుక్కున కాలింది.

తాళం గుప్పెట్లోంచి జారి గచ్చు మీద పడింది. నూకరత్నం దాన్ని చూసింది కానీ ఆశ్చర్యపోలేదు. తీసి, కొంగుతో తుడిచి, ఆయన చేతిలోనే పెట్టింది.

“ఇంక మిమ్మల్ని శ్రమపడొద్దని చెప్పమన్నాడండి.”