వెనక జేబులు

రక్షణ సూటు లోపల వేసుకునే ఐసు జాకెట్టు తిరిగి అప్పజెప్పడానికి ఫ్యాక్టరీకి వచ్చింది, నాతో జతగా పనిచేసినవాడి భార్య. అతను పోయి పది రోజులైంది.

"ముందు జేబుల్లో ఐసు ప్యాకెట్లున్నాయి అన్నయ్యా. వెనకవి ఖాళీ. అందుకే కొలిమి దగ్గర వడదెబ్బ తగిలింది."

జాకెట్టు అందుకుని మడతపెట్టాను.

"మర్చిపోయుంటారు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికే రకం! ఎన్నిసార్లు తిట్టానో."

"ఔనమ్మా, వాడికి మతిమరుపే," అన్నాను.

అంతలో, ఇప్పుడు నాకు జతగా వేసిన కొత్తవాడు జాకెట్టు తొడుక్కొచ్చి, వీపు నావైపు తిప్పి నిలబడ్డాడు.

"అన్నా, వెనకవి పెట్టవా? ఎవరిది వాళ్లకి అందదు కదా."

ఒకటి పెట్టాను. రెండోది పెట్టాను. చల్లదనం వేళ్లకి తెలియలేదు.

ఆమె నా చేతుల వంకే చూస్తోంది.