ఒటకర్ నాలుక

"ఇది బీరు కాదు," అన్నాడు ఒటకర్, మగ్గు బల్ల మీద పెట్టేస్తూ.

పొయ్యి పక్కనున్న పెద్ద బల్ల చుట్టూ కూర్చున్న అయిదుగురు ముసలాళ్ళు ఎత్తిన మగ్గులు ఎత్తినట్టే ఆపేశారు. ప్రాగ్ కోట కింద వీధిలోని ఆ బారులో కొత్త పీపా తెరిచినప్పుడల్లా మొదటి మగ్గు ఒటకర్‌కు రావాలి. ఆయన గుక్క వేసి తలూపితేనే మిగతావాళ్ళు పెదవి తడుపుకోవాలి. ఆ నాలుక తప్ప ఆయనకు చెప్పుకోదగ్గ ఆస్తి ఏమీ లేదు. అందుకే రోజూ దాని గురించే చెప్పుకునేవాడు. రెండేళ్ళ క్రితం కామెర్లొచ్చి లేచాక అది మరీ పదునెక్కిందని కూడా చెప్పేవాడు.

కుళాయి దగ్గర నిలబడ్డ రద్కా మొహం ఎర్రబడింది. ఎప్పుడూ బీరు పోసే కద్లెత్స్‌ను నిన్న ఉన్నట్టుండి కడుపునొప్పితో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆయన బదులు ఈమె వచ్చి ఇంకా పూట గడవలేదు.

"పెద్దాయనా, పొద్దున్నే గొట్టాలు నా చేత్తో కడిగాను. ఏం తేడా వచ్చిందో చెప్పండి."

"గొంతులో మండుతోంది. రెండో గుక్కకే తల తిరిగింది."

"బీరు తాగితే తల తిరక్క పళ్ళు తిరుగుతాయట్రా?" అన్నాడు జ్బినెక్.

"తిరుగుతుంది. మర్యాదగా తిరుగుతుంది. ఇలా కాలరు పట్టుకుని తిప్పదు."

జ్బినెక్ ఒక గుక్క తాగి చూశాడు. లుబోష్ రెండు తాగాడు. ఇద్దరికీ ఏ లోపమూ కనిపించలేదు, కానీ ఆ నాలుకకు ఎదురు చెప్పే ధైర్యం లేక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రద్కాకు మాత్రం ఆ భయం లేదు. తన తండ్రీ తాతా ఇదే పని చేశారనీ, తమ ఇంట్లో ఎవరూ చెడిపోయిన బీరు పోసి ఎరగరనీ చెప్పి, పందెం వేసింది. మూడు మగ్గులు పోస్తుంది. ఆయన కళ్ళకు గంతలు కట్టుకుని తను రోజూ తాగే అసలైన బీరు ఏదో చెప్పాలి. చెప్పలేకపోతే పొయ్యి పక్క కుర్చీ వదిలేసి, గుమ్మం దగ్గర నురగకు ఫోటోలు తీసుకునే పర్యాటకుల మధ్య కూర్చోవాలి. చెప్పగలిగితే రద్కా ఏప్రన్ విప్పేసి ఇంటికి పోతుంది.

పదహారేళ్ళుగా ఆ కుర్చీ ఒటకర్‌ది. కూర్చుని కూర్చుని దిండు ఆయన ఒంటి కొలతకే అణిగిపోయింది. కానీ ఇంతమంది ముందు వెనక్కి తగ్గితే నాలుకకు విలువేముంటుంది? గ్లాసులు తుడిచే గుడ్డతో తనే గంతలు కట్టుకున్నాడు.

మొదటి మగ్గుకు మొహం చిట్లించాడు. రెండోదానికి దగ్గు వచ్చింది. మూడోది నోట్లో పడగానే భుజాలు దిగాయి, మొహం విప్పారింది. ఆగకుండా అడుగుదాకా తాగేశాడు.

"ఇదిగో. దీన్నంటారు బీరని," అన్నాడు గంతలు విప్పుతూ.

రద్కా కౌంటరు కిందనుంచి ఒక చెక్కపెట్టె లాక్కొచ్చి బల్ల దగ్గర పెట్టింది. అందులో ఇరవై సీసాలు. అన్నిటికీ పైకాగితం పీకేసి ఉంది. పెట్టె మీద కద్లెత్స్ చేతిరాతతో "ఒటకర్‌కు మాత్రమే" అని ఉంది.

"మొదటి రెండూ పీపాల్లోవి. పొద్దున ఈ పెట్టె కనిపిస్తే, మూడోది ఇందులోంచి పోశాను," అని ఆమె ఏప్రన్ ముడి విప్పబోయింది.

ఒటకర్ ఛాతీ పొంగింది. ముడి కట్టుకోమని పెద్దమనసుతో సైగ చేశాడు. ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు.

"అంటే ఇన్నాళ్ళూ మాకు పీపా అడుగూ, నీకు మేలిరకం సీసాలా?" లుబోష్ లేచి నిలబడ్డాడు. "ఒకే బల్ల మీద తాగుతూ ఒక్క మాటైనా చెప్పలేదేంట్రా?"

తనకూ తెలియదని ఒటకర్ ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. చివరికి పెట్టె మొత్తం అందరికీ పొయ్యాల్సిందే అని తేలింది. రద్కా పోస్తూ పోయింది. చాలని చెప్పడానికి మగ్గు మీద అట్టబిళ్ళ పెట్టినవాడు ఒక్కడూ లేడు. పీపా బీరుతో పోల్చే పనే లేదన్నాడు జ్బినెక్. మూడో మగ్గుకు లుబోష్ ఏడ్చాడు. ఒకాయన కోట్లు తగిలించే కర్రను కౌగిలించుకుని తన పెళ్ళినాటి పాట అందుకున్నాడు. అందరికన్నా గట్టిగా ఒటకర్ పాడాడు, కళ్ళు చెమర్చేలా, ఒక కాలి మీద తూలుతూ.

చివరి సీసా తీసేసరికి పెట్టె అడుగున మడిచిన కాగితం ఒకటి రద్కాకు దొరికింది. ఒటకర్ దాన్ని చూస్తూనే గుర్తుపట్టాడు.

"మా వ్లస్తా రాత," అన్నాడు.

"మీ ఆవిడకు కద్లెత్స్‌తో ఉత్తరాలేంట్రా?" అన్నాడు జ్బినెక్, కన్ను గీటుతూ.

బల్లంతా గొల్లున నవ్వింది. ఇక పైకి చదవక తప్పలేదు. ఒటకర్ కళ్ళజోడు పెట్టుకుని, పడిపోకుండా బల్ల అంచు పట్టుకుని, గొంతు సవరించుకుని చదివాడు.

"కద్లెత్స్ గారూ, ఈ వారం పెట్టె పంపుతున్నాను. డాక్టరు చెప్పినట్టే వీటిలో ఆల్కహాలు ఒక్క చుక్క కూడా లేదు. మొన్న కూడా తూలుకుంటూనే ఇల్లు చేరాడు, పాపం, దయచేసి ఆయనకు తెలియనివ్వకండి."