షూ పట్టని పాదం

తెర లేవడానికి పది నిమిషాలుంది. గుమ్మడికాయంత వాచిన పాదాన్ని దేదీప్య బ్యాలే షూలో కూరి రిబ్బన్ బిగిస్తోంది. ఐర్లండ్ నుంచి వచ్చిన డైరెక్టర్ ఫినోలా ఎదురుగా కూర్చుని ఆ రిబ్బన్ పట్టుకుంది.

"ప్లీజ్ మిస్ ఫినోలా. న్యూయార్క్ కంపెనీ వాళ్లు నన్ను చూడ్డానికే వచ్చారు. మళ్లీ రారు."

"ఏదీ, కాలు ఆనించు."

ఆనించింది. పార్సిప్పనీ ఊరు మొత్తం కళ్లముందు గిర్రున తిరిగింది.

"నొప్పేం లేదు. మీకేం, ఇరవై రెండేళ్లకే కొరియోగ్రాఫర్ అయిపోయారు. అదృష్టవంతులు."

ఫినోలా ముడి విప్పసాగింది.

"ఆ ఏడు డబ్లిన్‌లో నేనూ వాచిన కాలితో ఇలాగే బతిమాలాను. మా డైరెక్టర్‌ది జాలిగుండె, సరేనంది. ఆ కాలు మళ్లీ డాన్స్‌కి పనికి రాలేదు. అందుకే అంత తొందరగా కొరియోగ్రాఫర్‌నయ్యాను."

దేదీప్య పిడికిలిలోంచి రిబ్బన్ జారిపోయింది.