మిగతా యజమానులు

“వాడు నా దగ్గర పనివాడే కాదమ్మా,” అన్నాడు హాజీ జమారిస్, నెత్తిమీది తెల్లటోపీ సర్దుకుంటూ.

జకార్తా కార్మిక కార్యాలయంలో మధ్యవర్తిగా కూర్చున్న ఎండాంగ్, బల్లకు అటువైపున్న దస్రిల్‌ని చూసింది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది. జమారిస్ గారి పాడాంగ్ వంటల హోటల్లో చేతిమీద వరసగా కూరల పళ్లాలు పేర్చుకుని వడ్డించే మనిషి. మధ్యాహ్నం రద్దీలో వంటగది గుమ్మం దగ్గర జారిపడ్డాడు. పళ్లాలతో పాటు మణికట్టూ విరిగింది.

“పనివాడు కాకపోతే పళ్లాలెందుకు మోస్తున్నాడండీ, సరదాకా?”

“మాది జీతాల పద్ధతి కాదమ్మా. మా సుమత్రా మినాంగ్ వాళ్ల హోటళ్లలో ముందునుంచీ ఇంతే. కొన్ని నెలలకోసారి లెక్క చూసి లాభం పంచుకుంటాం. వంటమనిషికిన్ని వంతులు, వడ్డించేవాడికిన్ని, గిన్నెలు కడిగేవాడికిన్ని. జీతమే లేనప్పుడు పనివాడెలా అవుతాడు? పైగా వీడు నాకు వరసకు మేనల్లుడు.”

“మరి ఆ మేనల్లుణ్ణి ఊరికి పొమ్మన్నారట?”

“చెయ్యి ఆడనివాడు హోటల్లో ఏం చేస్తాడు? వాళ్లమ్మ దగ్గర నాలుగు రోజులు సుఖంగా ఉంటాడని.”

దస్రిల్ అంతదాకా తల వంచుకునే ఉన్నాడు. “ఊళ్లో ఎముకల డాక్టరు లేడు మామా. ఆపరేషన్ చెయ్యకపోతే వేళ్లు ముడుచుకోవన్నారు. అది చేయించండి. నయమయ్యేదాకా నా చోటు ఇంకొకరికి ఇవ్వకండి. ఇంతకన్నా నేనేమీ అడగను.”

“పనిలో దెబ్బ తగిలితే వైద్యం యజమానే చేయించాలి హాజీగారూ, చట్టం చెప్పేది అదే,” అంది ఎండాంగ్.

“పనివాడైతే కదమ్మా!”

సాక్ష్యానికని జమారిస్ వెంటబెట్టుకొచ్చిన వంటమనిషి రబాయినీ వైపు తిరిగింది ఎండాంగ్. “ఈయన చెప్పేది నిజమేనా?”

“వంతులు పంచే మాట నిజమేనమ్మా,” అంది రబాయినీ. “కాకపోతే మేం భాగస్థులమని హాజీగారి నోట వినడం ఇవాళే. పంచే రోజు తప్పిస్తే మిగతా రోజులన్నీ ఒసేయ్, ఒరేయ్‌లే.”

“నిన్ను అడిగినంతవరకే చెప్పు,” అన్నాడు జమారిస్.

ఎండాంగ్ కలం పక్కన పెట్టింది. “ఒకసారి ఆలోచించుకోండి. పనివాడంటే ఒక రకం బాధ్యత. హోటల్లో భాగస్థుడంటే అది వేరే సంగతి. మీరన్నట్టే రాయమంటారా?”

“రాయండి. వీడొక్కడి పేరే కాదు, వంతులున్న ప్రతివాడూ ఆ హోటల్లో నాతోపాటు భాగస్థుడేనని రాయండి. రేపు ఇంకొకడు కాలు విరిగిందని మీ గుమ్మం ఎక్కకూడదు.”

రాసిన కాగితం మీద జమారిస్ తృప్తిగా సంతకం పెట్టాడు. ఇక ఇది తమ కార్యాలయం చూసే తగాదా కాదని చెప్పి, తలా ఒక ప్రతి ఇచ్చి ఎండాంగ్ లేచింది.

మెట్ల దగ్గర దస్రిల్ ఆగాడు. “ఇంతకీ నా చెయ్యి సంగతేంటి మామా?”

“భాగస్థుడివి అయిపోయావురా అల్లుడూ! పెద్దవాడివి. నీ చెయ్యి నువ్వు చూసుకోవాలి.” జమారిస్ వాడి ఎడమ భుజం తట్టి, లవంగాల సిగరెట్టు వెలిగించుకుని కారెక్కాడు.

ఆ వారంలోనే హోటలు బేరం కుదిరింది. ఊరంతా భోజన హోటళ్లున్న ఒక కంపెనీ దాన్ని పేరుతో సహా కొనుక్కుంటానంది. దస్రిల్ గొడవ త్వరగా తెగాలని జమారిస్ తొందరపడిందీ అందుకే. నోటరీ దగ్గర కూర్చున్నప్పుడు ఆయన మనసు తేలిగ్గా ఉంది.

“పనివాళ్లతో తగాదాలేమైనా ఉన్నాయా?” అడిగాడు నోటరీ.

“అసలు పనివాళ్లే లేరు,” అంటూ జమారిస్ కార్మిక కార్యాలయం కాగితం ముందుకు తోశాడు. “సర్కారు ముద్ర కూడా ఉంది, చూసుకోండి.”

నోటరీ చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. కంపెనీ మనిషికి చూపించాడు.

“అంతా బాగానే ఉంది హాజీగారూ. మిగతా యజమానులు ఎప్పుడొస్తారు?”

“మిగతా యజమానులేమిటి?”

“హోటల్లో వంతులున్న వాళ్లంతా మీతోపాటు భాగస్థులేనని మీరే రాసిచ్చారుగా. వాళ్లందరూ సంతకాలు పెట్టందే ఎలా కొంటారు?”

జమారిస్ నోటరీ ముందున్న చల్లారిన టీ ఎత్తి గుక్కలో తాగేశాడు. తనది కాదని తాగాక తెలిసింది.

కాగితాలు తీసుకుని ఆయన తిన్నగా హోటల్ వంటగదిలోకి వెళ్లాడు. రబాయినీ సంతకాల మాట గరిటె తిప్పుతూనే విన్నది. “దానికేం భాగ్యం! ముందు దస్రిల్‌ని పెట్టనివ్వండి. వాడి కింద మేమంతా పెడతాం,” అంది. గిన్నెలు కడిగేవాడు కూడా అదే అన్నాడు.

చీకటి పడకముందే జమారిస్ అరిటాకులో వేడివేడి మాంసం కూర, అన్నం కట్టించుకుని దస్రిల్ అద్దె గది వెతుక్కుంటూ వెళ్లాడు. అంతకుముందెప్పుడూ ఆ సందులోకి వెళ్లినవాడు కాదు.

“తిన్నావా అల్లుడూ? ఎలా చిక్కిపోయావో చూడు! ఇదిగో, ముందు ఇక్కడొక సంతకం పడేసెయ్. ఎడమచేత్తో గీసినా చాలన్నారు.”

దస్రిల్ లేచి, మామకి మంచి కుర్చీ వేశాడు.

“అయ్యో, పెద్దవాళ్లిచ్చింది ఎడమచేత్తో ముట్టుకుంటానా మామా! కుడిచెయ్యి బాగుచేయించండి, హాయిగా పెడతాను.”